స్టేడియంలో సిగరెట్టు: ఆలస్యంగా మూసుకున్న సందు

1996 ప్రపంచకప్ క్రికెట్ పోటీలను మీరు మరచి ఉండరు. ఆ కప్పు పేరే ఒక సిగరెట్టు పేరు, విల్స్. హైదరాబాదులోనూ విశాఖలోనూ ఆ పేరుమీదనే ఆటలు జరిగాయి. నాబోటి వైద్యులం సైతం టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టామే తప్ప, ఇదేమిటని అడగలేదు.

2001 నవంబరులో సుప్రీంకోర్టు బహిరంగ ధూమపానాన్ని నిషేధించినపుడు ఆసుపత్రులు, గ్రంథాలయాలు, రైళ్లు జాబితాలో చేరాయి; స్టేడియం పేరు లేదు. 2003 నాటి చట్టం పొగాకు సంస్థల ప్రాయోజకత్వాన్ని నిషేధించింది గాని, పొగతాగరాని ప్రదేశాల నిర్వచనం నుండి ఆరుబయలును మినహాయించింది. స్టేడియానికి పైకప్పు లేదు కదా! 2008 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన నియమాలే ఆ సందును మూశాయి. ప్రజలు వచ్చే స్టేడియానికి ఆ మినహాయింపు వర్తించదని స్పష్టం చేసి, 200 రూపాయల వరకు జరిమానా విధించాయి. గ్యాలరీలో మీ పిల్లవాని ముందు వరుసలో ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే, ఆర్పమని అడిగే హక్కు మీకు ఆనాటినుండే ఉన్నది.