చెరకు తోటల చెరనుండి

ఉగాది పచ్చడిలో బెల్లము కలుపుకొనునప్పుడు చెరకు పండించిన చేతులను మనము తలచుట అరుదు. దేశనూరు ప్రాంతమున చెరకు తోటలు మనకు కొత్త కావు. తుంగభద్ర నీటిని నమ్ముకొని కోస్తానుండి వచ్చిన మన పెద్దలు ఇష్టపడి వచ్చినారు. మరలి పోదలచినచో ఎవరి అనుమతియు వారికి అక్కరలేదు. సముద్రము దాటిన మరికొందరు తెలుగువారికి ఆ హక్కు లేకపోయినది. అందుకే మేము ఈ పండుగనాడు వారి కథ ఎత్తుకొన్నాము.

పూర్వము అమెరికాలోని ఇంగ్లీషు వలసలలో బానిస పారిపోయినచో, యజమాని వాని రూపురేఖలను పత్రికలో ప్రకటించి, పట్టి తెచ్చినవారికి బహుమానము ఇచ్చెడివాడు. అయినను పారిపోవుట ఆగలేదు. ఫ్లారిడాకు వచ్చి తమ మతము పుచ్చుకొన్నవారికి స్వేచ్ఛ నిత్తునని 1693లో స్పెయిన్ రాజు ప్రకటించెను. కరోలినా తోటలనుండి ఎందరో చిత్తడి నేలలు దాటి అటు పోయినారు. 1738లో అక్కడ వారికి మోసే అను కోట, ఊరు ఏర్పడినవి.

మారిషస్ దీవిలోను అట్లే. పారిపోయిన బానిసలు లె మోర్న్ కొండపై తలదాచుకొనిరి. 1835లో బానిసత్వము రద్దయినది. కాని చెరకు తోటలకు కూలీలు కావలెను గదా! 1834 నుండియే ఒప్పంద కూలీలను మన దేశమునుండి తరలింపసాగిరి. మొత్తము సుమారు 4,50,000 మంది పోయినారు. వారిలో కోరంగి మొదలైన రేవులలో ఓడ ఎక్కిన మన తెలుగువారును కలరు.

వీరు బానిసలు కారు. వీరిని గాని, వీరి బిడ్డలను గాని అమ్ముటకు వీలులేదు. ఈ భేదము చిన్నది కాదు. అయితే గడువు తీరకుండ తోట విడిచినచో అది నేరము, శిక్ష జైలు. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోసెడివారు. 1867 చట్టము గడువు తీరినవారినిగూడ వదలలేదు. ఫొటో అంటించిన టిక్కెట్టు, పోలీసు పాసు లేక దారిలో కనబడినచో దేశదిమ్మరియని పట్టుకొనెడివారు. అమెరికాలో పత్రికా ప్రకటన చేసిన పనిని ఇక్కడ ఈ ఫొటో చేసినది.

1871లో 9,401 మంది పాత కూలీలు, ద ప్లెవిట్జ్ అనువాని సహాయముతో, గవర్నరుకు అర్జీ పెట్టుకొనిరి. 1872లో రాయల్ కమిషన్ విచారణకు వచ్చినది. 1875లో నివేదిక, 1878లో కొత్త కార్మిక చట్టము వెలువడినవి. ఒంటరిగా పారిపోయినవాడు తన్ను మాత్రమే విడిపించుకొనును. కలిసి అర్జీ పెట్టినవారు వెనుకటివారికిగూడ దారి తీసినారు.

నేడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినము. ఆ కూలీల మనుమలు తలయెత్తుకొని పండుగ చేసికొనుచున్నారు.

మరి మన సంగతి? ఒకనాటి వలసవారమైన మనమే నేడు కూలీలను పిలుచుకొనుచున్నాము. అప్పు చూపి మనిషిని కట్టివేయుట 1976 చట్టము ప్రకారము నేరము. అడ్వాన్సు పుచ్చుకొన్న కూలీ “ఊరికి పోదును” అన్ననాడు, అతని దారికి మనము అడ్డు నిలువకుందుము గాక!