పాతబడిన ఆటయంత్రమునకు జీర్ణోద్ధారణ

రంపచోడవరపు పరిసరములందలి పెద్దలకు జీర్ణోద్ధారణ మను మాట క్రొత్తది కాదు. ఇరుసు విఱిగిన బండికి ఇరుసే వేయుదురు గాని బండిని పొయ్యిలో పెట్టరు. ఇంటికప్పు చివికినచో కప్పు మార్చుదురు. నిట్రాడు గట్టిగ నున్నంతవఱకు దానిని కదల్పరు. ఏది యుంచవలెను, ఏది తీయవలెను అను విచారము మన కలవాటైనదే. నేను నేడు చెప్పబోవునదియు నా విచారమే. వస్తువు మాత్రము వేఱు. అది పిల్లలు ఆటలాడుకొను కంప్యూటరు. పిల్లలాట యని త్రోసివేయవలదు. జీడిపిక్కలమ్మిన సొమ్ములో పదునైదువేల రూపాయలు దానికి పోవునప్పుడు అది యింటి యజమానుని విచారమే యగును.

కంప్యూటరునందొక భాగమును తీసి మఱియొక భాగమును పెట్టవచ్చు ననునది మొదటినుండి యున్న సంగతి కాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనసంస్థవారు 1960లో పనికి పెట్టిన టిఫ్రాక్ అను యంత్రము పెద్దగదికి సరిపడునది. దానిని కట్టినవారే బాగుచేయవలెను. మన హైదరాబాదున 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషనువారు టి.డి.సి. అను పేర యంత్రములు చేసిరి. అవియు సంస్థలకే గాని గృహస్థులకు కావు.

1981 ఆగస్టు 12వ తేదీన అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థవారు బల్లపై నుంచదగిన యంత్రము నొకదానిని వెలువరించిరి. త్వరగా ముగింపవలసిన పని యగుటచే వారు చాల భాగములను తాము చేయక బయట కొనిరి. లెక్కలు చేయు ప్రాసెసరు ఇంటెలువారి 8088. లోపలి పెద్దపలకపై అయిదు స్లాటులను విడిచిరి. ఏ తీగ యెచ్చట కలియునో పుస్తకముగ నచ్చువేసి యమ్మిరి. తాళము చేసినవాడే తాళపుచెవి నమూనాను ఊరివారందఱకును పంచిపెట్టినట్లయినది! ఔదార్యముచే చేసిరని నేననుకొనను. తొందర చేయించిన పని. ఏమైనను, నాటినుండి ఎవరైనను ఆ స్లాటునకు సరిపడు పలకను చేసి యమ్ముకొనగలిగిరి. నేడు రాజమహేంద్రవరపు దుకాణములో ఒక భాగము కొని తెచ్చి మన యింట బిగించుకొనగలుగుట ఆ నిర్ణయపు ఫలమే.

అయితే అన్ని భాగములును ఒక్కతీరుగ మాఱవు. ఇచ్చట పెద్దలు కొంచెము చెవియొగ్గవలెను. విచారమునకంతకును మూల మిదియే. 1995లో ఇంటెలువారు పెట్టెకును పలకకును ఎ.టి.ఎక్స్. అను కొలత నేర్పఱచిరి. ఆ కొలత నేటికిని నడచుచున్నది. బొమ్మలు గీయు గ్రాఫిక్సు కార్డునకు 2003లో పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అను స్లాటును నిర్ణయించిరి. ఆ స్లాటు ఎన్ని తరములు మాఱినను, పాతదానిలో క్రొత్తకార్డు కూర్చుండును. జ్ఞాపకమును నిలుపు ర్యామున కట్టి మర్యాద లేదు. 2007లో వచ్చిన డి.డి.ఆర్.3, 2014లో వచ్చిన డి.డి.ఆర్.4, 2020లో నిర్ణయింపబడిన డి.డి.ఆర్.5, ఒకదాని గంటు ఒకదానికి కలియదు. ప్రాసెసరు గూడును అట్టిదే. ఇంటెలువారు రెండుమూడేండ్ల కొకసారి దానిని మార్చుచు వచ్చిరి. ఎ.ఎం.డి. వారు 2017లో రైజెనుతో నడపిన ఎ.ఎం.4 గూడు 2020నాటి 5000 వరుసకు గూడ సరిపోయినది. ఇది మెచ్చదగిన పని.

కావున భాగములు రెండు జాతులు. యంత్రము మాఱినను వెంట వచ్చునవి కొన్ని. పెద్దపలకతోడనే కాలధర్మము చెందునవి కొన్ని.

ఇక ఆటల మాట. తెర అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలు గలది యనుకొందము. గుణించిన 20,73,600 చుక్కలగును. బొమ్మ కదలుచున్నట్లు కన్నునకు ఇంపుగ తోచుటకు సెకనునకు 60 మాఱులు గీయవలెను. అనగా సెకనునకు పండ్రెండుకోట్లకు పైబడిన చుక్కలు. ఒక్క ప్రాసెసరు ఈ బరువు మోయలేదు. 1996లో ఊడూ అను కార్డు, 1999లో ఎన్విడియావారి జిఫోర్సు 256 వచ్చి యీ పనిని పంచుకొన్నవి. నాటినుండి ఆట నెమ్మదించిన ప్రతి బాలుడును గ్రాఫిక్సు కార్డునే నిందించుచున్నాడు.

ఆ నింద యన్నివేళల న్యాయము కాదు. జీన్ ఆమ్డాల్ అను యంత్రశిల్పి 1967లో ఒక సూత్రము చెప్పెను. దానిని మన పొలమునకు దెచ్చి చూడుడు. కోతకు ఆఱు గంటలు, నూర్పునకు నాలుగు గంటలు పట్టు పని యున్నది. కోతను ఱెప్పపాటులో ముగించు యంత్రము వచ్చినను నూర్పు నాలుగు గంటలు నిలిచియే యుండును. పది గంటల పని నాలుగు గంటల కయినది. రెండున్నర రెట్లు వేగము. కోతయంత్రముపై లక్షలు పోసినను అంతకు మించి రాదు. ఆటలోనైతే ప్రాసెసరును గ్రాఫిక్సు కార్డును ఒకే కాడి క్రింది ఎద్దులవలె జతగ నడచును. వెనుకబడిన యెద్దు నడకయే బండి నడక.

మా యింట నున్న యంత్రము 2014లో మా పెద్దమనుమడు కూర్పించుకొన్నది. అతడు ఉద్యోగమునకు పోగా చిన్నవాని పాలబడినది. ఇంటెలువారి నాలుగవతరపు ఐ5 ప్రాసెసరు, ఎనిమిది జి.బి. డి.డి.ఆర్.3 ర్యాము, తిరుగుడు హార్డుడిస్కు, జి.టి.ఎక్స్. 750 టి.ఐ. కార్డు. పాఠములు వినుటకును, పాలిటెక్నికు దరఖాస్తులు పెట్టుటకును వాని కదియే యాధారము. "తాతయ్యా, కార్డు ఒక్కటి మారిస్తే చాలు" అని వాడు పట్టుపట్టెను. వాడు కోరిన కార్డు సొమ్మంతయు మ్రింగునది.

తర్కశాస్త్రమున కారణమును నిర్ణయించుటకు అన్వయవ్యతిరేకము లున్నవి. ఇది యున్నచో అది యుండును, ఇది లేనిచో అది లేదు అని చూచుట. తక్కినవి కదల్పక ఒక్కదానినే మార్చి చూడు మంటిని. ముందు పెట్టె విప్పించితిని. విసనకఱ్ఱ ఱెక్కలకు ధూళి ఉన్నివలె పట్టియున్నది. ఒక మూల బల్లిగ్రుడ్లు. తుడిచి, ప్రాసెసరుపై ఉష్ణమును లాగు లేపనమును క్రొత్తగ పూయగా వేడిమి 94 డిగ్రీలనుండి 71కి దిగెను. మితి మీఱి వేడెక్కిన ప్రాసెసరు తన్నుతాను కాపాడుకొనుటకై నడక తగ్గించుకొనును గనుక, ఇది కానిఖర్చు లేని వైద్యము. మన వేసవిలో మొదట చేయవలసినది.

పిదప ఆట నాడించితిమి. సెకనునకు 27 బొమ్మలు. తెర చుక్కలను 1280, 720కి తగ్గింపగా 49 అయ్యెను. కార్డు బరువు తగ్గిన వెంటనే వేగము హెచ్చినది; కావున తొలిదోషము కార్డుదే. బాలుడు గెలిచితి ననుకొనెను. ఇంకను తగ్గింపు మంటిని. 50 దాటలేదు. అచ్చట అడ్డుపడునది ప్రాసెసరు. అనగా ఎంత గొప్ప కార్డు తెచ్చినను మా యెద్దు 50 అడుగులకు మించి నడవదు. పాతదానికి రెండింతల బలముగల కార్డు చాలును, నాలుగింతలది వ్యర్థము. వాడు లెక్క తానే మఱల వేసి చూచి యూరకుండెను.

ప్రాసెసరును మార్చవచ్చును గదా యందురు. ఆ గూడునకు సరిపడు మేటి యైన ఐ7-4790 పాతసరకులో దొరకును. కాని అది వెంట వచ్చు జాతి కాదు. 2025 అక్టోబరు 14తో విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణ ముగిసినది. విండోసు 11 నాలుగవతరపు ప్రాసెసరును అంగీకరింపదు. కూలనున్న గోడకు సున్నము వేయుట యెందులకు? ర్యామును అట్లే విడిచితిమి.

హార్డుడిస్కు సంగతి వేఱు. 1956లో ఐ.బి.ఎం. వారు తొలిసారి చేసినప్పు డది ఏబది పళ్లెములతో అల్మారావలె నుండెడిది. నేటిది అఱచేతి కందునదే గాని, పళ్లెము తిరిగి, సూదివంటి తల చోటు వెదకుకొనవలసిన పద్ధతి మాఱలేదు. ఎస్.ఎస్.డి.లో తిరుగునది లేదు. ఆట తెఱచుకొనుటకు పట్టు కాలము దీనివలననే తగ్గును. బొమ్మల సంఖ్య మాత్రము పెరుగదు. ఈ భేదము తెలియక నిరాశపడువారు కలరు. పూరీలో 2015లో జరిగిన నవకళేబరమునందు పాతమూర్తినుండి బ్రహ్మపదార్థమును క్రొత్తమూర్తికి జేర్చినట్లు, పాతడిస్కులోని సర్వస్వమును మనుమ డొక రాత్రి దీనిలోనికి జేర్చెను.

అన్నిటికంటె ముందు కొన్నది పవర్ సప్లై. ఇది బొమ్మను పెంచదు, వేగము నీయదు. అందుచే పిల్లలు దీనిని తలపరు. మన యేజన్సీ గ్రామములలో ఉఱుము ఉఱిమిన కరెంటు పోవును, వచ్చునప్పుడు ఎగిరిపడును. నాసిరకపు పవర్ సప్లై కాలునప్పుడు తానొక్కటే కాలదు. పలకను, డిస్కును, ఆ బాలుని చదువును వెంట గొనిపోవును. పేరున్న సంస్థవారిది కొంటిమి. తరువాత ఎస్.ఎస్.డి. మిగిలిన సొమ్మునకు 2019నాటి జి.టి.ఎక్స్. 1650 పాతది యొకటి కాకినాడలో దొరకెను. అది 75 వాట్లకు మించి కోరదు. స్లాటే అంత యీయగలదు. మూడును రేపటి యంత్రమునకు వెంట రాగలవి.

ఇప్పుడు సెకనునకు 48 బొమ్మలు వచ్చుచున్నవి. విండోసునకు మాఱుగ లినక్సు నెక్కించుకొనెను. 2018లో వాల్వు సంస్థవారు ప్రోటాను అను సాధనము వెలువరించినది మొదలు విండోసు ఆటలు పెక్కు దానిపై నడచుచున్నవి. పందెపుటాటలు కొన్ని మాత్రము ఒప్పుకొనవు. వానికై కొంత గొణుగుచున్నాడు. పాత హార్డుడిస్కు వేఱొక డబ్బాలో కుటుంబపు ఛాయాచిత్రములను మోయుచున్నది. పాతకార్డును పొరుగూరి బాలుడొకడు తీసికొనిపోయెను. వాని యంత్రములో నాటివఱకు అదియును లేదు.