తలమీద మూటలతో నడిచిన డివిజన్

మన పెద్దల తరం రంగూన్‌ను 'రంగం' అనేది. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు అక్కడి తెలుగువాళ్ళు వేలమంది అరకాన్ దారిలోనో, మణిపూర్ కొండల మీదుగానో కాలినడకన తిరిగొచ్చారు. దారిలో కలరాకూ ఆకలికీ ఎందరో పోయారు. ఆ కథ మన ఇళ్ళలో విన్నదే. కానీ రెండేళ్ళు తిరగకముందే అదే అరకాన్ అడవుల్లోకి నైజీరియా, గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా), సియెర్రా లియోన్, గాంబియాల నుంచి సైనికులు వచ్చారని మనం చదువుకున్న చరిత్ర పాఠాల్లో లేదు. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచికలో 81వ పశ్చిమాఫ్రికా డివిజన్ గురించి రాస్తున్నాను.

పందొమ్మిదో శతాబ్దం చివర ఆ వలసల కాపలాకు బ్రిటిష్‌వారు పశ్చిమాఫ్రికా సరిహద్దు దళాన్ని ఏర్పాటు చేశారు. ఆ దళంలోని పటాలాలతోనే 1943 మార్చి 1న నైజీరియాలో 81వ డివిజన్ పుట్టింది. మేజర్ జనరల్ క్రిస్టఫర్ వూల్నర్ దాని మొదటి అధిపతి. డివిజన్‌లో మూడు బ్రిగేడ్లు, ఒక్కో బ్రిగేడ్‌లో మూడు బెటాలియన్లు. 3వ బ్రిగేడ్ పూర్తిగా నైజీరియన్లది, 5వది గోల్డ్ కోస్ట్‌వారిది. 6వ బ్రిగేడ్‌లో నైజీరియా, సియెర్రా లియోన్, గాంబియా బెటాలియన్లు ఒక్కొక్కటి ఉండేవి. తీరా భారతదేశం చేరాక 3వ బ్రిగేడ్‌ను వింగేట్ నడిపిన చిండిట్ దళాలకు ఇచ్చేశారు. మిగిలిన రెండు బ్రిగేడ్లతోనే డివిజన్ యుద్ధానికి వెళ్ళింది.

సిపాయిలు ఆఫ్రికన్లు, అధికారులు దాదాపు అందరూ తెల్లవారు. గోల్డ్ కోస్ట్‌కు చెందిన సేత్ ఆంథొనీ ఒక్కడు 1942లో అధికారి హోదా పొంది బర్మాలో పోరాడాడు.

భుజం మీది గుర్తు పసుపు రంగు మీద నల్ల సాలీడు. అది గోల్డ్ కోస్ట్ జానపద కథల్లోని అనాన్సి. మన తెనాలి రామకృష్ణుడిలా బలంతో కాక బుద్ధితో గెలిచేవాడు.

ఇంజనీరుగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ డివిజన్ సరుకు మోసుకున్న పద్ధతి. మిగతా సైన్యాలు కొండల్లో కంచరగాడిదల మీద ఆధారపడేవి. పశ్చిమాఫ్రికా అడవుల్లో సెట్సీ ఈగ వల్ల గుర్రాలు, గాడిదలు బతకవు. అందుకని అక్కడి సైన్యం ముందునుంచీ మనిషి తలనే నమ్ముకుంది. ప్రతి బ్రిగేడ్‌కూ మోతగాళ్ళ దళం విడిగా ఉండేది. తలమీద చుట్ట పెట్టుకుని, దాని మీద గుండ్ల పెట్టె, బియ్యం మూట, మోర్టారు భాగం, ఏదైతే అది ఎత్తుకుని సిపాయిల వెనకే నడిచేవారు. దానితో పాటు ప్రతి బ్రిగేడ్‌కూ సొంత ఫిరంగులు, ఇంజనీర్లు, వైద్య దళం ఉండేవి కనుక ఏ బ్రిగేడ్ అయినా ఒంటరిగా అడవిలో పనిచేయగలిగేది. తరవాత వచ్చిన 82వ పశ్చిమాఫ్రికా డివిజన్ అయితే మోతగాడి తలచుట్టనే ఈటెలతో కలిపి తన గుర్తుగా పెట్టుకుంది.

వాళ్ళకు అప్పగించిన చోటు అరకాన్‌లోని కలదాన్ నదీలోయ. అక్కడికి రోడ్డు లేదు. చిట్టగాంగ్ వైపు చిరింగా నుంచి దాలెత్మే దాకా కొండల మీదుగా 75 మైళ్ళ జీపుదారిని గునపాలతో, పారలతో వాళ్ళే తొలిచారు. 1944 జనవరికల్లా పూర్తయిన ఆ దారికి 'వెస్ట్ ఆఫ్రికన్ వే' అని పేరు. లోయలోకి దిగాక తిండి, మందుగుండు అంతా విమానాల నుంచి జారవిడిచినవే. అంతకుముందు ఏ మామూలు డివిజనూ పూర్తిగా ఆకాశాన్ని నమ్ముకుని యుద్ధం చేయలేదు.

ఫిబ్రవరిలో క్యౌక్తావ్ పట్టుకున్నారు. మార్చిలో జపనీయులు ఎదురుదాడి చేయడంతో వెనక్కి రావలసి వచ్చింది. వానలు తగ్గాక కొత్త అధిపతి లాఫ్టస్-టాటెన్‌హామ్ నాయకత్వంలో మళ్ళీ అదే లోయలోకి దిగారు. 1945 జనవరి చివర 82వ డివిజన్‌తో కలిసి అరకాన్ పాత రాజధాని మ్యోహాంగ్‌ను గెలుచుకున్నారు.

ఆ మార్చి దాడిలోనే ఐజాక్ ఫడొయెబో అనే నైజీరియా వైద్య సహాయకుడి తొడ ఎముక విరిగింది. సియెర్రా లియోన్‌కు చెందిన డేవిడ్ కార్గ్‌బోతో పాటు అతను శత్రువుల మధ్య చిక్కుకుపోయాడు. షుయిమాన్ అనే స్థానిక ముస్లిం రైతు, దొరికితే తన కుటుంబమంతా పోతుందని తెలిసీ, తొమ్మిది నెలలు వాళ్ళిద్దరినీ దాచి తిండి పెట్టాడు. 2011లో ఫడొయెబో రాసిన కృతజ్ఞతా లేఖను ఒక పాత్రికేయుడు ఆ ఊరికి తీసుకువెళ్ళాడు. షుయిమాన్ అప్పటికి లేడు, పిల్లలు అందుకున్నారు.

ఇళ్ళకు చేరిన సైనికులకు ఇస్తామన్న ఉద్యోగాలు, పింఛన్లు సరిగా అందలేదు. 1948 ఫిబ్రవరి 28న మాజీ సైనికులు అక్రాలో గవర్నరుకు అర్జీ ఇవ్వడానికి ఊరేగింపుగా వెళ్ళారు. చేతుల్లో ఆయుధాలు లేవు. పోలీసు కాల్పుల్లో సార్జెంట్ అజెటే, కార్పొరల్ అట్టిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే చనిపోయారు. ఆ రోజు రేగిన మంట ఆరలేదు. తొమ్మిదేళ్ళకు, 1957 మార్చి 6న, ఘనా స్వతంత్రమైంది. ఆ దేశ సైన్యపు ప్రధాన కార్యాలయం ఉన్న చోటిని ఈనాటికీ 'బర్మా క్యాంప్' అనే అంటారు.

ఎవరి రాజ్యం కోసమో మోసిన బరువు, తమ రాజ్యం అడగడానికి వాళ్ళకు ధైర్యమిచ్చింది. రెండో ప్రపంచయుద్ధం పాఠం చెప్పే మన ఉపాధ్యాయులకు ఒక మనవి: బర్మా పటం గోడకు తగిలించినప్పుడు, మనవాళ్ళు నడిచొచ్చిన అరకాన్ దారితో పాటు కలదాన్ నదిని కూడా ఒకసారి వేలుపెట్టి చూపించండి.