కాటుకరేకుల పొడ

1796లో అచ్చయిన ప్యాట్రిక్ రసెల్ సర్పగ్రంథంలో, నేడు తడ, సూళ్లూరుపేట పొలాల్లో రైతులు రక్తపింజరి అని భయపడే పాము, 'కాటుకరేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే కనిపిస్తుంది. అంతకన్నా వింత ఏమిటంటే, కాటు పడ్డవాడి నెత్తురు గడ్డకట్టకుండా చేసే ఆ పాము విషమే, ఆ తరవాత సుమారు 140 ఏళ్లకు, ఆగని నెత్తురును ఆపే మందుగా లండన్ ఆసుపత్రికి చేరింది.

రసెల్ ఎడిన్‌బరోలో చదివిన వైద్యుడు. అలెప్పోలో చాలాకాలం పనిచేసి, విశాఖపట్నంలో ఉన్న సోదరుడి వెంట వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడిగా కుదిరిన ఆయన, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, కోళ్లనూ కుక్కలనూ కాటు వేయించి ఎంతసేపటికి ఏమవుతుందో రాసుకున్నాడు. స్థానికులు చెప్పిన పేర్లను విన్నవి విన్నట్టు ఎక్కించడం ఆయన చేసిన గొప్ప మేలు. 'పొడ' అంటే మచ్చ. వీపు పొడవునా వరుసతీరిన, నల్లని అంచు గల మచ్చలను చూసి కాటుక దిద్దిన రేకులని ఊహించిన కన్ను కవిదే అయివుండాలి. 1797లో శాస్త్రం ఆ పాముకు రసెల్ పేరు తగిలించింది గాని, ఆ రేకులను చూసినవారి పేర్లు చరిత్రకు అందలేదు. పులికాట్ అని పిలిచే ప్రళయకావేరి సరస్సు ఒడ్డున తరతరాలుగా బతికిన యానాదులనే గిరిజనుల నోట ఉన్న పాముల పేర్లను కూడా ఆనాడే ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

తరవాతి శతాబ్దాన్ని దాటేస్తే, 1934లో లండన్‌లో వైద్యుడు ఆర్.జి. మాక్‌ఫర్లేన్, జంతుప్రదర్శనశాలలో సర్పవిభాగం చూసే బర్గెస్ బార్నెట్ కలిసి, పదివేల వంతుకు పలచబరిచిన రక్తపింజరి విషం, గడ్డకట్టే గుణం పుట్టుకతో లోపించిన హీమోఫీలియా రోగుల నెత్తురును సైతం పేరబెడుతుందని చూపారు. పన్ను పీకిన గుంతలో దానితో తడిపిన దూది పెట్టి నెత్తురు ఆపారు. రక్తం గడ్డకట్టే గొలుసులో 'పదో కారకం' అనే ప్రొటీన్‌ను ఆ విషం నేరుగా మేల్కొలుపుతుంది, అంటే ముందున్న మెట్లన్నీ దాటేస్తుంది.

పన్ను గుంతలోనైతే గడ్డ కడితే చాలు, కానీ రక్తనాళాలు కుట్టే సర్జన్లకు గడ్డ ఎక్కడ కట్టాలన్నది ఇంకా సున్నితమైన లెక్క. సూది దారంకన్నా కాస్త లావు గనుక ప్రతి కుట్టు పక్కనా సన్నని సందు మిగులుతుంది. నెత్తురు ఆపడానికి నాళానికి వేసిన బిగింపు వదలగానే అక్కడ నెత్తురు చెమరుస్తుంది, గుడ్డ అద్ది కొన్ని నిమిషాలు నొక్కిపట్టేలోగా ప్లేట్‌లెట్లనే సూక్ష్మకణాలు చేరి ఆ సందును మూస్తాయి. అదే గడ్డ నాళం లోపల కడితే కుట్టిన పనంతా వృథా. సర్జన్ అలెక్సిస్ కారెల్ పట్టుదారానికి వ్యాజిలైన్ పూసింది అందుకే. ఇప్పుడు బిగింపు వేసేముందు, పంది పేగుల నుంచి తీసే హెపారిన్‌తో నెత్తురును గడ్డకట్టకుండా ఉంచుతారు, అవసరమైతే దాన్ని విరవడానికి సాల్మన్ చేప వీర్యం నుంచి తొలిసారి దొరికిన ప్రోటమిన్ ఇస్తారు. కుట్టు చుట్టూ ఇంత జంతుశాల!

మరి గడ్డకట్టించే విషమే ఎక్కినా, రక్తపింజరి కాటు పడ్డవాడి నెత్తురు ఎందుకు గడ్డకట్టదు? ఒళ్లంతా ఒక్కసారిగా గడ్డలు మొదలై, గడ్డకట్టించే సరుకంతా ఖర్చయిపోవడం వల్ల. ఆపైన చిగుళ్ల నుంచీ మూత్రంలోనూ నెత్తురు వస్తుంది. అందుకే ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల నెత్తురును పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, మెల్లగా వంచి చూస్తారు. జారితే విషానికి విరుగుడు మందు ఎక్కిస్తారు.