హైదరాబాద్ ఔషధ పరిశ్రమ: నవకల్పన, మానవ మూలధనం

నవకల్పన వల్ల పనివారి నైపుణ్యం పెరిగి, ఆ నైపుణ్యమే మళ్లీ కొత్త సంస్థలకు పునాది కావడానికి స్పష్టమైన ఉదాహరణ హైదరాబాద్ మందుల పరిశ్రమ. కేంద్రం 1961లో నెలకొల్పిన మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాంకేతిక సహకారంతో బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం కట్టింది. సంస్థ తర్వాత నష్టాల్లో కూరుకుపోయినా, అక్కడ పని నేర్చిన రసాయనవేత్తలు నగరానికి మిగిలారు.

1970 నాటి పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇవ్వడంతో, తెలిసిన మందునే వేరే దారిలో చవకగా చేసే విద్యకు గిరాకీ పెరిగింది. దీన్ని ఉత్త అనుకరణ అని కొట్టిపారేయడం సరికాదు. తక్కువ దశల్లో, తక్కువ వృథాతో మందును తయారుచేయడానికి గట్టి రసాయన పరిజ్ఞానం కావాలి. అలాంటి పరిజ్ఞానంతోనే, ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల సంస్థను స్థాపించారు.

ఇదే నగరంలో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో ప్రారంభించిన శాంతా బయోటెక్నిక్స్, 1997లో దేశీయ రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకాను తెచ్చింది. దాంతో టీకా ధర బాగా దిగింది. నైపుణ్యంలాగే ఆరోగ్యమూ మానవ మూలధనమే కాబట్టి, ఈ టీకా మేలు తయారుచేసినవారితో ఆగలేదు. ఇక పేటెంట్ల చట్టం మారి, 2005 నుంచి దేశంలో తయారీ పద్ధతికే కాక మందుకూ పేటెంటు ఇస్తున్నారు.