డ్రిల్లు మాస్టారి నుంచి ఫిట్‌నెస్ ట్రైనర్ దాకా

వందేళ్ల కిందట మద్రాసు రాజధానిలో బడిపిల్లల చేత డ్రిల్లు చేయించే పని చాలాచోట్ల సైన్యం నుంచి పింఛను మీద వచ్చినవాళ్లదే. వరస తప్పకుండా నిలబెట్టడం, కేకేసి కవాతు చేయించడం వాళ్లకు బాగా వచ్చు. ఏ వయసు పిల్లాడికి ఏ కసరత్తు, ఎంత మోతాదు అన్నది వాళ్లకెవరూ నేర్పలేదు. ఊళ్లో తాలింఖానా ఉంటే అక్కడ వస్తాదు దగ్గర దండీలు, బస్కీలు, కుస్తీ పట్లు నేర్చుకునేవాళ్లు. అది గొప్ప విద్యే, కానీ దానితో నెలజీతం దొరికే దారి ఉండేది కాదు.

కోడి రామ్మూర్తి నాయుడు అనగానే గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కలియుగ భీముడే గుర్తొస్తాడు. సర్కసు పెట్టకముందు ఆయన సైదాపేటలో ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ తీసుకుని, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే శిక్షకుడిగా చేరాడు. ఆయన బలం గురించి ఎంత చెప్పుకున్నామో, ఈ చదువు గురించి అంత తక్కువ చెప్పుకున్నాం.

ఈ చదువుకు సొంత బడి కట్టినవాడు హ్యారీ క్రో బక్ అనే అమెరికన్. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిన వైఎంసీఏ కళాశాలలోనే, బక్ కూడా చదువుకున్నాడు. 1919లో మద్రాసు వచ్చి, మరుసటి ఏడాదే వైఎంసీఏ వ్యాయామ విద్యాలయం తెరిచాడు. విద్యార్థులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. పాఠాలు చెప్పింది ఆయన, ఆయన భార్య. ఆట ఆడించడం తెలిస్తే చాలదు, ఆడేవాడి ఒంటి నిర్మాణమూ తెలియాలన్నది ఆయన పట్టుదల. పాశ్చాత్య ఆటలతో పాటు మన ఆటలకూ చోటిచ్చాడు, ఆటల నియమాలన్నీ ఒక పుస్తకంగా అచ్చు వేయించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టును వెంటబెట్టుకుని వెళ్లాడు. 1943లో కన్నుమూసేదాకా ఆయన పని మద్రాసులోనే సాగింది.

హైదరాబాద్‌లో 1931లో మొదలైన ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల కూడా ఇదే బాటలో నడిచింది. దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ బడిపంతులే. పాఠాలు చెబుతూనే వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నాడు. ఆయన శిక్షణలో భారత్ 1951లోనూ 1962లోనూ ఏషియాడ్ బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది. తరగతి గది నుంచి అంత ఎత్తుకు వెళ్లే మెట్లు అప్పటికే ఉన్నాయన్నమాట.

ఆ తర్వాత 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి వ్యాయామ విద్యా కళాశాల, 1961లో పటియాలాలో కోచ్‌లను తయారుచేసే జాతీయ క్రీడాసంస్థ వచ్చాయి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా, అంటే పీఈటీగా, చేరినవాడు ఫిజికల్ డైరెక్టర్ కావచ్చు, పైచదువు చదవచ్చు, కోచ్ కావచ్చు. ఇవన్నీ బడి, కాలేజీ, స్టేడియం గోడల లోపలి సంగతులు.

వీధివీధికీ జిమ్‌లు వచ్చాక పాత కథ మళ్లీ మొదలైంది. కండలు తిరిగిన కుర్రాడు కనిపిస్తే చాలు, వాడే ట్రైనర్. 2008లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడి, రంగానికొక నైపుణ్య మండలి పెట్టే పద్ధతి వచ్చాకే, క్రీడలు, వ్యాయామ విద్య, ఫిట్‌నెస్, విహారం అన్నిటికీ కలిపి ఒక మండలి దక్కింది. ఫిట్‌నెస్ ట్రైనర్‌కు ఏమేం వచ్చి ఉండాలో కాగితం మీద పెట్టారు. ఏ పనికి ఏ స్థాయి అని చెప్పే జాతీయ చట్రం 2013లో వచ్చింది. పనిలో పడి నేర్చుకున్నవాడు కూడా పరీక్షకు కూర్చుని, తన అనుభవానికి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు కల్పించారు. పదో తరగతితో ఆగిపోయి, ఏళ్లతరబడి జిమ్‌లో బరువులు సర్దిన కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు.

ఆ చదువు ఎక్కడ కనిపిస్తుందో చూడండి. అరవై ఏళ్ల పెద్దాయన మొదటిరోజు వస్తాడు. చదువుకున్న ట్రైనర్ ముందు డంబెల్ అందించడు. గుండె జబ్బుందా, బీపీకి మందులు వాడుతున్నారా, మోకాలి నొప్పి ఉందా అని అడిగి రాసుకుంటాడు. ఆయన బరువెత్తుతూ ఊపిరి బిగబడితే, ‘పైకెత్తేటప్పుడు గాలి వదలండి సార్’ అంటాడు. ఊపిరి బిగబట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుందని అతనికి తెలుసు. జిమ్ యజమానులు మాత్రం ఇప్పటికీ జీతం పెంచేటప్పుడు ఎన్ని మెంబర్‌షిప్‌లు అమ్మావనే ఎక్కువగా అడుగుతున్నారు. ఆ లెక్కలో ఈ ప్రశ్నలకూ ఈ జాగ్రత్తకూ చోటు దొరకాలి.