నౌగావ్ గంజాయి

కార్తీకం దాటేసరికి ఉత్తర బెంగాల్‌లోని నౌగావ్ చేలల్లో గంజాయి మొక్కలు మొగ్గ తొడిగేవి. అప్పుడు రైతులు ఒక మనిషికి కబురు పెట్టేవారు. అతన్ని పోద్దారు అనేవారు, పరఖ్‌దారు అని కూడా అనేవారు. దొరల నివేదికల్లో అతని పేరు ‘గంజాయి డాక్టర్’. చేలో సాళ్ల వెంట నడుస్తూ అతను ఒక్కో మొక్కనూ పరకాయించి చూసేవాడు. పూత ఇంకా విచ్చుకోలేదు కాబట్టి మామూలు కంటికి మొక్కలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అతనికి మాత్రం ఏది పోతో, ఏది పెంటో తెలిసిపోయేది. పోతు మొక్క కనిపిస్తే అక్కడికక్కడే విరిచి ముందుకు సాగిపోయేవాడు. వెనకాలే వచ్చే రైతు దాన్ని వేళ్లతో సహా పీకి అవతల పడేసేవాడు.

పోతుతాడి వేరు, పెంటితాడి వేరు అని తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. గంజాయిదీ అదే తీరు. పోతు మొక్క పుప్పొడి సోకితే పెంటి మొక్క గింజ కడుతుంది, దాని బలమంతా గింజకే పోతుంది. పుప్పొడి సోకకపోతే పూలు రాలకుండా కంకి మీద కంకి వేస్తూ, జిగురు ఊరుస్తూ వారాల తరబడి నిలబడతాయి. మత్తు ఉండేది ఆ జిగురులోనే. ఒక్క పోతు మొక్క కన్నుగప్పి చేలో మిగిలిపోతే పక్క రైతు పంట కూడా చెడుతుంది. అందుకే పోద్దారు ఒకసారి వచ్చి పోతే సరిపోయేది కాదు, మళ్లీ మళ్లీ చేను చూసేవారు.

ఇవాళ అమెరికాలోనూ కెనడాలోనూ లైసెన్సు దుకాణాల్లో గంజాయిని పేర్లతో అమ్ముతున్నారు. ఓజీ కుష్, బ్లూ డ్రీమ్, స్కంక్ నంబర్ వన్ అంటూ ఒక్కో పేరుకీ ఒక వాసన, ఒక మత్తు, ఒక వంశవృక్షం చెబుతారు. గుణమంతా విత్తనంలోనే ఉందన్నట్టుగా ఉంటుంది ఆ ప్రచారం. నౌగావ్ పాత కాగితాలు చదివితే మరో సంగతి బోధపడుతుంది. 19వ శతాబ్దపు బెంగాల్‌లో అంతగా పేరుమోసిన సరుకుకు ఆ పేరు రావడంలో సగానికి పైగా పాలు మనుషుల పనితనానిదే. ఎవరూ పేరుపెట్టి గుర్తుంచుకోని ఆ పోద్దార్లకూ, కళ్లాల్లో తొక్కుడు పని చేసిన కూలీలకూ దక్కాల్సిన మాట ఇది.

నౌగావ్ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అప్పట్లో రాజ్‌షాహి జిల్లాలో భాగం. రాజ్‌షాహి, దినాజ్‌పూర్, బొగ్రా జిల్లాలు కలిసేచోట కొంత మేర భూమిని ప్రభుత్వం ‘గంజామహల్’ అని హద్దు గీసి, లైసెన్సు ఉన్న రైతులకే సాగు అనుమతించింది. ఈ సాగు మీద డిప్యూటీ కలెక్టర్ హేమ్ చంద్ర కర్ 1877లో ఒక పెద్ద నివేదిక రాశాడు. 1893లో కలకత్తా బొటానికల్ గార్డెన్ హెర్బేరియం చూసే డేవిడ్ ప్రెయిన్ మరొకటి రాశాడు. నారు పోయడం, భాద్రపదం ఆశ్వయుజాల్లో ఎత్తయిన నేలలో నాటడం, కింది కొమ్మలు నరకడం, ఎరువు, తడి: వీటన్నిటి వివరాలూ వాటిలో దొరుకుతాయి. యూరప్‌లో నార కోసం పెంచే జనుము లాంటి మొక్కా, బెంగాల్ గంజాయి మొక్కా ఒకే జాతివని ప్రెయిన్ వాదన. అంటే ఈ మొక్క గంజాయి కావడంలో పెంపకం పాత్ర పెద్దదే.

పంట మాఘ ఫాల్గుణాల్లో కోతకొచ్చేది. అసలు నేర్పు ఆ తర్వాతే. కోసిన మొక్కల్ని ఎండలో వాడబెట్టి, ఆకులు దులిపి, కావలసిన పొడవుకి నరికి కళ్లంలో గుండ్రంగా పరిచేవారు. కంకులన్నీ లోపలికి, కాడలన్నీ బయటికి. కూలీలు వాటి మీదికెక్కి ఒక పాదంతో కాడను అదిమిపట్టి, రెండో పాదంతో కంకిని తొక్కేవారు. తొక్కినకొద్దీ జిగురు పైకి తేలి కంకులు ఒకదానికొకటి అంటుకుని బల్లపరుపుగా అయ్యేవి. ఇది ‘చప్టా’ గంజాయి. ‘గోల్’ గంజాయికి పద్ధతి వేరు. అడ్డంగా కట్టిన వెదురు బొంగును చేతుల్తో పట్టుకుని, కొన్ని కంకుల్ని కాళ్ల కింద దొర్లిస్తూ గుండ్రంగా చుట్టేవారు. రాలిన కంకి ముక్కలు ‘చూర్’. చూర్‌లో కాడ ఉండదు కాబట్టి సేరుకు సుంకం దాని మీద అన్నిటికన్నా ఎక్కువ. దాని తర్వాత గోల్, ఆఖరున చప్టా. కాడకూ కంకికీ తేడా ఖజానా అధికారులకు బాగానే తెలుసు.

తయారైన సరుకు నౌగావ్‌లోని సర్కారు గోలాల్లోకి చేరేది. తాళాలు వేసిన ఆ గోదాముల్లోంచి పాసు ఉంటే తప్ప ఒక్క కట్ట కూడా బయటికి పోదు. ఏడాది దాటితే సరుకు పస తగ్గుతుందనీ, మరికొన్నేళ్లు పోతే గడ్డితో సమానమనీ వ్యాపారులకు తెలుసు. అమ్ముడుపోని పాత సరుకును అధికారులు తగలబెట్టేవారు. నిలవ ఉంటే ఎందుకు పస పోతుందో అప్పటికి ఏ రసాయన శాస్త్రవేత్తా చెప్పలేకపోయాడు.

గంజాయి గుణాన్ని పరీక్షించి చూసే ప్రయత్నం మాత్రం అంతకు ముందే కలకత్తాలో మొదలైంది. ఐర్లండ్ నుంచి వచ్చిన విలియం బ్రూక్ ఓషానెసీ కలకత్తా మెడికల్ కాలేజీలో ఆచార్యుడు. తర్వాతి రోజుల్లో ఇండియాలో టెలిగ్రాఫు తీగలు వేయించినవాడూ ఇతనే. బజారులో జనం వాడే గంజాయి గురించి పండితుల్నీ హకీముల్నీ అడిగి తెలుసుకున్నాడు. ముందు కుక్కల మీద, మేకల మీద పరీక్షించి, ఆ తర్వాతే రోగులకు ఇచ్చాడు. 1839లో ఆ వివరాలు ప్రకటించాడు. కీళ్లవాతం ఉన్న ఒక రోగికి మధ్యాహ్నం మందు ఇచ్చారు. సాయంత్రానికి అతను వాగుడు మొదలుపెట్టాడు, పాటలు పాడాడు, ఆకలని తిండి అడిగాడు, ఆపైన నిద్రపోయాడు. రాత్రి ఎనిమిదింటికి చూస్తే ఒంటిమీద తెలివి లేదు. చెయ్యి ఎత్తిపెడితే ఎత్తినచోటే నిలిచిపోతోంది. డాక్టర్లు హడలిపోయారు. కొన్ని గంటల తర్వాత అతను ఏమీ జరగనట్టు లేచాడు. ధనుర్వాతంతో మెలికలు తిరిగే రోగులకు, కుక్క కరిచి చావుకు దగ్గరైనవాళ్లకు ఈ మందు బాధ తగ్గించిందని ఓషానెసీ రాశాడు. రేబిస్ నయమైందని ఎక్కడా రాయలేదు. చెయ్యగలిగినదాన్నీ చెయ్యలేనిదాన్నీ వేరుచేసి రాసిన ఆ నిజాయితీ వల్లే ఆ వ్యాసం ఈనాటికీ చదవదగ్గది.

లండన్‌లో ఆ మందు అరకుగా సీసాల్లో అమ్ముడైంది. కానీ ఒక సీసా పనిచేస్తే ఇంకో సీసా పనిచెయ్యదు. నల్లమందులోంచి మార్ఫిన్, కోకా ఆకులోంచి కొకెయిన్ స్ఫటికాలుగా దొరికాయి కాబట్టి తూకం వేసి ఇవ్వడం కుదిరింది. గంజాయి జిగురు నీళ్లలో కరగదు, గడ్డకట్టదు, తైలంలా సాగుతుంది. ఎంత మోతాదులో ఎంత మందు ఉందో డాక్టరుకు తెలియదు. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా దీన్ని జాబితాలోంచి తీసేయడానికి పెద్ద కారణం ఈ అస్థిరతే.

అంతకు చాలా ముందే గంజాయి సంగతి పార్లమెంటుకెక్కింది. గంజాయి వల్ల ఇండియాలో పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయన్న మాట లండన్‌లో ప్రబలింది. 1893లో మద్యనిషేధవాది డబ్ల్యూ. ఎస్. కెయిన్ కామన్స్ సభలో ప్రశ్న లేవనెత్తాడు. ప్రభుత్వం ఏడుగురితో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. అధ్యక్షుడు మాక్‌వర్త్ యంగ్, సభ్యుల్లో ముగ్గురు భారతీయులు. ఏడాదిలో 1,193 మంది సాక్షుల్ని విచారించారు. కమిషన్ చేసిన మంచి పని ఆసుపత్రి రిజిస్టర్లు తెరిచి చూడటం. పిచ్చికి కారణం ‘గంజాయి’ అని రాసిన ఒక్కో కేసునూ తిరిగి విచారిస్తే సగానికి పైగా నిలబడలేదు. రోగిని తెచ్చిన పోలీసుకు కారణం తెలియకపోతే గంజాయి అని రాసి గడి నింపిన సందర్భాలు బయటపడ్డాయి. మితంగా వాడేవాళ్లలో పెద్ద హాని కనిపించలేదనీ, అతిగా వాడితే ఒంటికీ మనసుకీ చేటనీ, నిషేధం బదులు సుంకంతో, లైసెన్సులతో అదుపు చెయ్యాలనీ 1894లో తేల్చారు. ఖజానాకు సుంకం వస్తున్న సర్కారు వేసిన కమిషన్ అని అనుమానించవచ్చు. అయినా సాక్ష్యాన్ని తడిమి చూసిన తీరు మాత్రం గొప్పది.

మద్రాసు ప్రెసిడెన్సీలో సాగు జరిగే చోట్లను చెబుతూ ఆ నివేదిక రెండింటిని ముఖ్యంగా ప్రస్తావించింది. ఒకటి ఉత్తర ఆర్కాటు జవాది కొండలు. రెండోది అప్పటి కృష్ణా జిల్లాలోని దగ్గుబాడు పరిసరాలు, అంటే ఇవాళ్టి బాపట్ల వైపు ఊళ్లు. తెలుగు రైతు సర్కారు అనుమతితో గంజాయి పండించిన రోజులు ఉన్నాయన్నమాట.

రసాయనం గుట్టు విప్పడానికి ఇంకో 70 ఏళ్లు పట్టింది. 1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పివీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే ముగ్గురు చరస్ అనే గంజాయి జిగురు ముద్ద నుంచి ఒక ఎర్రని తైలం తీశారు. తర్వాత దాన్నుంచి వేరుచేసిన పదార్థానికి కన్నాబినాల్ అని పేరొచ్చింది. మత్తుకు మూలం అదే అనుకున్నారు. ఆ రోజుల్లో చరస్ యార్కండ్ నుంచి లేహ్ మీదుగా కంచరగాడిదల మీద పంజాబ్‌కు దిగేది. ఇంగ్లండ్ చేరేసరికి ఎంత పాతబడుతుందో ఊహించవచ్చు. గాలి, వెలుతురు తగిలి అసలు మత్తు పదార్థం క్షీణిస్తే మిగిలేది కన్నాబినాల్. నౌగావ్ గోలాల్లో పస పోయిన సరుకును తగలబెట్టిన గుమాస్తాలు చూసిందీ ఈ మార్పునే.

అసలు పదార్థాన్ని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణం చెప్పింది 1964లో, ఇజ్రాయెల్‌లోని రెహోవాత్‌లో. రఫాయెల్ మెషూలం పోలీసుల్ని అడిగి, వాళ్లు పట్టుకున్న లెబనాన్ హషీష్ ఐదు కిలోలు సంచిలో వేసుకుని బస్సెక్కాడు. ఈ ఘాటు ఏమిటా అని బస్సులో జనం చుట్టూ చూశారని తర్వాత ఆయనే చెప్పాడు. సహచరుడు యెహియల్ గావోనితో కలిసి ఆయన వేరుచేసినది టెట్రాహైడ్రోకన్నాబినాల్, పొట్టిగా టీహెచ్‌సీ. పచ్చి మొక్కలో ఇది ఆమ్ల రూపంలో ఉంటుంది, మత్తెక్కించదు. నిప్పు తగిలితే బొగ్గుపులుసు వాయువు విడిపోయి మత్తు రూపంలోకి మారుతుంది. చిలుంలో కాల్చేవాడికి వెంటనే ఎక్కడానికి కారణం ఇదే. 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ మెదడులో ఈ పదార్థం అతుక్కునే చోటును కనిపెట్టారు. జ్ఞాపకం, ఆకలి, కాళ్లూచేతుల పొందిక చూసే భాగాల్లో ఆ చోట్లు దట్టంగా ఉంటాయి. ఓషానెసీ రోగి తిండి అడగడం అక్కడి పనే. గుండె వేగం పెరగడం, కళ్లు ఎర్రబడటం, నోరెండటం, మోతాదు మించితే భయం, అనుమానం కూడా దీని లక్షణాలే. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ వాడేవాళ్లలో మానసిక రోగాల ముప్పు పెరుగుతుందని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి.

వాసన సంగతి వేరు. టీహెచ్‌సీకి చెప్పుకోదగ్గ వాసన లేదు. ఘాటు టెర్పీన్లనే సుగంధ పదార్థాలది. మామిడిలో ఉండే మిర్సీన్, నిమ్మతొక్కలో లిమోనీన్, మిరియాల్లో, లవంగంలో ఉండే కారియోఫిలీన్ గంజాయిలోనూ ఉంటాయి. తేలికైన మిర్సీన్, లిమోనీన్ త్వరగా ఎగిరిపోతాయి. బరువైన కారియోఫిలీన్ నిలుస్తుంది. అందుకే ఎండిన సరుకు వాసన పచ్చి కంకి వాసనలా ఉండదు. స్కంక్ రకాల దుర్గంధానికి టెర్పీన్లు కారణం కావనీ, అతి స్వల్పంగా ఉండే గంధక సమ్మేళనాలదే ఆ పని అనీ 2021లో తేలింది. ఇక పేర్ల విషయానికొస్తే, 2015లో కెనడా పరిశోధకులు 81 గంజాయి నమూనాల జన్యువులు పరిశీలించారు. ఒకే పేరుతో అమ్మే మొక్కలు ఒకే వంశానివి కాని సందర్భాలు చాలానే కనిపించాయి.

నౌగావ్ రైతులు 1917లో సహకార సంఘం పెట్టుకున్నారు. దేశ విభజన తర్వాతా, బంగ్లాదేశ్ ఏర్పడ్డాక కూడా సాగు నడిచింది. మత్తుమందుల మీద 1961 అంతర్జాతీయ ఒప్పందం గంజాయి వాడకం ఆపడానికి ఇచ్చిన 25 ఏళ్ల గడువు దగ్గరపడ్డాక, 1980ల్లో అక్కడ సాగు ఆగిపోయింది. మన దేశంలో మత్తుపదార్థాల అదుపుకు 1985 ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. పూత, కాయ కంకులే ఈ చట్టం లెక్కలో గంజాయి. కంకి లేని ఆకూ, గింజా ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భంగు దుకాణాలు కొన్ని రాష్ట్రాల్లో ఇంకా నడవడానికి ఆధారం ఇదే.

తెలుగు నేల మీద ఇప్పుడు పేరున్న రకం ‘శీలావతి’. విశాఖ మన్యంలో, ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో దొంగచాటుగా పండుతోంది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. మూట మోసినందుకు ఆ పదేళ్లూ జైల్లో గడపాల్సిన గిరిజన యువకుడికీ, నగరంలో కూర్చుని దాన్ని పొట్లాలు కట్టి అమ్మించేవాడికీ దక్కే డబ్బులో పోలికే లేదు. నౌగావ్‌లో రైతుకు లైసెన్సు కాగితమైనా ఉండేది. మన్యం రైతుకు మిగిలింది కేసు నంబరు.